హ్యాచ్‌బ్యాక్ కారు సస్పెన్షన్‌ను మెరుగుపరచడం: టైర్ల నుంచి అలైన్‌మెంట్ దాకా సమగ్ర మార్గదర్శి

కారు మలుపులో మన మాట వింటుందా లేదా అన్నది చివరికి నాలుగు టైర్లు నేలను ఎంత నిలకడగా పట్టుకుని ఉన్నాయన్న దానిపైనే ఆధారపడి ఉంటుంది. ఒక్కో టైరు రోడ్డును తాకే భాగం ఇంచుమించు మన అరచేయంత మాత్రమే. స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు, బుష్‌లు (లోహ భాగాల కీళ్ళ మధ్య ఉండే రబ్బరు దిమ్మెలు), యాంటీ రోల్ బార్లు (మలుపులో కారు పక్కకు ఒరగడాన్ని తగ్గించే కడ్డీలు) అన్నీ ఆ కాస్త రబ్బరు నేలను వదలకుండా చూడడానికే ఉన్నాయి. కాబట్టి మార్కెట్లో దొరికే ఏ విడిభాగాన్ని కొనాలన్నా, దానివల్ల టైరు నేల మీద మరింత నిలకడగా ఉంటుందా అన్న ప్రశ్న ముందుగా వేసుకోవాలి. కారు కిందికి దిగి కనిపించడం వేరు, మలుపులో నిలబడడం వేరు; చాలామంది మొదటిదానికి డబ్బు పెట్టి రెండోది కూడా వచ్చేసిందని అనుకుంటారు.

ఇక్కడ చెప్పే విషయాలన్నీ మన రోడ్ల మీద ఎక్కువగా కనిపించే స్విఫ్ట్, ఐ20, పోలో వంటి ముందు చక్రాలు లాగే హ్యాచ్‌బ్యాక్‌లకు సంబంధించినవి. వీటికి ముందువైపు మాక్‌ఫర్సన్ స్ట్రట్ (స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసి ఒకే నిలువు కంబంగా ఉండే అమరిక), వెనుకవైపు టోర్షన్ బీమ్ (రెండు వెనుక చక్రాలను కలిపే, మెలిపడగల ఉక్కు దూలం) ఉంటాయి. ఎర్ల్ మాక్‌ఫర్సన్ అనే ఇంజినీరు పేరుతో పిలిచే ఈ స్ట్రట్, 1950ల మొదట్లో ఫోర్డ్ కాన్సల్, జెఫిర్ కార్లతో ప్రాచుర్యంలోకి వచ్చింది. తక్కువ చోటులో, తక్కువ ఖర్చుతో ఇమిడిపోతుంది కనుకనే చిన్న కార్లలో దాదాపు అన్నీ దీన్ని వాడుతున్నాయి. అయితే దీనికి ఉన్న కొన్ని పరిమితులు తెలియకుండా మార్పులు చేస్తే కారు మెరుగుపడకపోగా మరింత చెడిపోతుంది. మన దేశంలో 2010 నుంచి 2022 వరకు అమ్ముడైన పోలోకు యూరప్‌లో కూడా అదే తరహా కారు ఉండడంతో బిల్‌స్టీన్, కోనీ, ఐబాక్ వంటి సంస్థల భాగాలు విరివిగా దొరుకుతాయి. కేవలం మన మార్కెట్ కోసమే తయారైన కార్లకు ఎంపికలు తక్కువగా ఉంటాయి.

ముందుగా కొలతలు, కాగితాలు

ఏ భాగాన్నీ విప్పకముందే కారు ఇప్పుడు ఎలా ఉందో రాసి పెట్టుకోవాలి. సమతలంగా ఉన్న నేల మీద కారును నిలిపి, ప్రతి చక్రం మధ్యభాగం నుంచి దాని పైనున్న ఫెండర్ (బాడీ రేకు) అంచు వరకు ఎత్తును టేపుతో కొలవాలి. నేల నుంచి కొలిస్తే టైరులోని గాలిని బట్టి లెక్క మారిపోతుంది, చక్రం మధ్య నుంచి కొలిస్తే ఆ తేడా రాదు. కొలిచినప్పుడు ట్యాంకులో ఇంధనం ఎంత ఉందో, డిక్కీలో ఏముందో కూడా రాసుకోవాలి. తర్వాత కంప్యూటర్ అలైన్‌మెంట్ (చక్రాలు నిలబడే కోణాలను కొలిచి సరిచేయడం) చేయించి, ఆ ముద్రిత కాగితాన్ని దాచుకోవాలి. ఈ రెండూ లేకుండా తర్వాత వచ్చిన మార్పు మంచిదో చెడ్డదో తేల్చడం సాధ్యం కాదు.

చట్టం విషయం కూడా ఇక్కడే చూసుకోవాలి. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా మారేలా వాహనాన్ని మార్చకూడదు. 2019లో సవరించిన 182ఏ సెక్షన్ కింద, అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండూ గాని పడే అవకాశం ఉంది. అందువల్ల కొనబోయే ముందు ప్రాంతీయ రవాణా కార్యాలయంలో అడిగి తెలుసుకోవాలి, బీమా సంస్థకు మార్పు గురించి రాతపూర్వకంగా తెలపాలి. వారంటీలో ఉన్న కారైతే ఆ గడువు ముగిసేదాకా ఆగడం మేలని నా అభిప్రాయం.

టైర్లు, గాలి

అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చేది టైరే. మంచి పట్టున్న టైరు వేస్తే బ్రేకు, మలుపు, తడి రోడ్డు మూడింటిలోనూ తేడా వెంటనే తెలుస్తుంది. సాధారణ టైర్ల మీద ఎంత ఖరీదైన కాయిలోవర్లు (ఎత్తు మార్చుకునే వీలున్న స్ప్రింగు, షాకు జతలు) బిగించినా ఆ మేరకు లాభం రాదు. సైజు మార్చదలిస్తే మొత్తం వ్యాసం లెక్క వేసుకోవాలి. ఉదాహరణకు 185/60 ఆర్15 (వెడల్పు 185 మి.మీ., పక్కగోడ ఎత్తు అందులో 60 శాతం, రిమ్ము 15 అంగుళాలు) టైరు వ్యాసం 603 మి.మీ. దాని బదులు 195/55 ఆర్15 వేస్తే వ్యాసం సుమారు 595 మి.మీ. అవుతుంది, అంటే ఒక శాతం పైచిలుకు మాత్రమే తేడా. 195/55 ఆర్16 వేస్తే 621 మి.మీ. వరకు పెరుగుతుంది. వ్యాసం మారినకొద్దీ స్పీడోమీటర్ చూపించే వేగం కూడా మారుతుంది. రిమ్ముతో కలిపి చక్రం బరువు పెరిగితే షాక్ అబ్జార్బర్‌కు పని పెరుగుతుందని కూడా గుర్తుంచుకోవాలి. గతుకులలో టైరు నేలను వదిలేయడానికి బరువైన చక్రాలు ఒక పెద్ద కారణం.

గాలిని డ్రైవరు వైపు తలుపు చట్రం మీదో, ఇంధనం మూత వెనకో అతికించిన పట్టికను చూసి, టైర్లు చల్లగా ఉన్నప్పుడు మాత్రమే నింపాలి. టైరు లోపలి వేడి 10 డిగ్రీలు పెరిగితే ఒత్తిడి సుమారు ఒకటిన్నర పీఎస్ఐ పెరుగుతుంది. మే నెల మధ్యాహ్నం విజయవాడలో హైవే మీద గంటసేపు నడిపి వచ్చి, పెరిగిన అంకె చూసి గాలి తీసేయడం పొరపాటు.

అరిగినవాటిని ముందు మార్చాలి

యాభై, అరవై వేల కిలోమీటర్లు తిరిగిన కారులో సస్పెన్షన్ లోపం చాలావరకు రబ్బరులోనే ఉంటుంది. లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింది నుంచి బాడీకి కలిపే చేయి) వెనుక బుష్ చిరిగితే బ్రేకు వేసినప్పుడు చక్రం వెనక్కి జరిగి స్టీరింగ్ దిశ మారుతుంది. స్ట్రట్ పైన ఉండే టాప్ మౌంట్, దాని బేరింగ్ పాడైతే స్టీరింగ్ తిప్పుతుంటే టక్కుటక్కుమనే శబ్దం, స్ప్రింగు మెలిపడి ఒక్కసారిగా వదులైనట్టు కుదుపు వస్తాయి. యాంటీ రోల్ బార్‌ను స్ట్రట్‌కు కలిపే లింక్ రాడ్లు, ఆర్మ్ కొసన ఉండే బాల్ జాయింట్లు, స్టీరింగ్‌ను చక్రానికి కలిపే టై రాడ్ ఎండ్లు కూడా చూడాలి. చక్రాన్ని పైకి లేపి పన్నెండు గంటలు, ఆరు గంటల స్థానాల్లో రెండు చేతులతో పట్టుకుని ఊపితే బాల్ జాయింట్, హబ్ బేరింగ్ వదులు తెలుస్తుంది. మూడు, తొమ్మిది స్థానాల్లో ఊపితే టై రాడ్ వదులు తెలుస్తుంది.

బుష్‌ల విషయంలో పాలీయురెథేన్ (రబ్బరు కంటే గట్టి ప్లాస్టిక్ పదార్థం) వేయించమని చాలామంది సలహా ఇస్తారు. అవి గట్టిగా ఉంటాయి, స్టీరింగ్ స్పందన పదునెక్కుతుంది, కానీ ప్రత్యేకమైన గ్రీజు సరిగా పెట్టకపోతే కీచుమంటాయి, రోడ్డు అదురు క్యాబిన్‌లోకి ఎక్కువగా వస్తుంది. రోజూ నడిపే కారుకు కంపెనీ రబ్బరు బుష్‌లే కొత్తవి వేసి చూడడం నయం. కొత్త రబ్బరు ఇచ్చే తేడానే చాలామందికి సరిపోతుంది.

షాక్ అబ్జార్బర్లు

స్ప్రింగు బరువును మోస్తుంది, కుదుపును తనలో దాచుకుంటుంది. ఆ దాచుకున్న శక్తిని వేడిగా మార్చి ఖర్చు చేసేది షాక్ అబ్జార్బర్. ఇది బలహీనపడితే ప్రతి గతుకు తర్వాత చక్రం ఎగురుతూనే ఉంటుంది, ఎగిరిన క్షణంలో ఆ టైరుకు పట్టు ఉండదు. చక్రాన్ని లేపి టైరు చుట్టూ అరచేతిని నెమ్మదిగా జరుపుతూ చూడండి. అక్కడక్కడా గుంటలు పడ్డట్టు, మళ్ళీ ఉబ్బినట్టు తగిలితే ఆ చక్రం చాలాకాలంగా నేల మీద గెంతుతూ తిరిగిందని అర్థం. షాకు గొట్టం మీద నూనె కారి దుమ్ము పట్టి ఉన్నా మార్చాల్సిందే.

నా దృష్టిలో సస్పెన్షన్‌కు పెట్టే మొదటి పెద్ద ఖర్చు స్ప్రింగులకు కాదు, షాక్ అబ్జార్బర్లకు. కంపెనీ ఎత్తును, కంపెనీ స్ప్రింగులనే ఉంచి, నాణ్యమైన షాకులు మాత్రం మార్చినా ఘాట్ రోడ్డు మీద కారు స్థిమితం బాగా మెరుగుపడుతుంది. బిల్‌స్టీన్ బీ6 ఇలాంటి అవసరానికే, అంటే మామూలు ఎత్తున్న కారుకు తయారైంది. బీ8 పొట్టి రాడ్డుతో, కిందికి దించే స్ప్రింగులకు జతగా వస్తుంది. ఈ రెండూ మోనోట్యూబ్ రకం: ఒకే గొట్టంలో నూనె, వాయువు విడివిడిగా ఉండడం వల్ల నూనెలో నురగ పుట్టదు, వేడి త్వరగా బయటికి పోతుంది. ఎస్.కోట నుంచి అనంతగిరి మీదుగా అరకు ఎక్కే దారిలో వంపు వెంట వంపు వస్తూ ఉంటే, షాకులు వేడెక్కినా పట్టు తగ్గకుండా ఉండడం ఎంత అవసరమో తెలుస్తుంది.

షాకులు ఎప్పుడూ ఒకే ఇరుసుకు రెండూ కలిపి మార్చాలి. ఎడమది కొత్తది, కుడిది పాతది అయితే కారు రెండు వైపులా రెండు రకాలుగా వంగుతుంది.

స్ప్రింగులు, ఎత్తు

స్ప్రింగు గట్టిదనం దాని తీగ మందం నాలుగో ఘాతాన్ని బట్టి పెరుగుతుంది. 12 మి.మీ. తీగ బదులు 13 మి.మీ. తీగతో అదే చుట్లు, అదే వెడల్పు ఉన్న స్ప్రింగు వేస్తే అది సుమారు 38 శాతం గట్టిపడుతుంది. కంటికి తేడా కనిపించని ఒక్క మిల్లీమీటరు ప్రభావం అంత ఉంటుంది. పనిచేసే చుట్లు ఆరు ఉన్న స్ప్రింగులో ఒక చుట్టు కోసేస్తే గట్టిదనం 20 శాతం పెరుగుతుంది, కానీ కోసిన కొస స్ప్రింగును మోసే గిన్నెలో సరిగా కూర్చోదు, చక్రం కిందికి వేలాడినప్పుడు స్ప్రింగు వదులై పక్కకు జారే ప్రమాదం ఉంది. స్ప్రింగును కోయడం, వేడి చేసి కుదించడం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకూడదు. చుట్ల మధ్య దూర్చే రబ్బరు బఫర్లు కూడా అంతే: అవి ఒకటి రెండు చుట్లను పనిచేయకుండా ఆపి, భారమంతా మిగతా చుట్ల మీద వేస్తాయి.

ఎంత గట్టి స్ప్రింగు కావాలో తేల్చడానికి ఒక లెక్క ఉపయోగపడుతుంది. ముందు చక్రం మీద స్ప్రింగు మోసే బరువు 290 కిలోలు, స్ప్రింగు గట్టిదనం మిల్లీమీటరుకు 20 న్యూటన్లు అనుకుంటే, ఆ మూల సెకనుకు సుమారు 1.3 సార్లు ఊగుతుంది. స్ప్రింగును 28 న్యూటన్లకు, అంటే 40 శాతం పెంచితే ఊగే వేగం సుమారు 1.56కు చేరుతుంది. సాధారణ కార్లు ఇంచుమించు 1 నుంచి 1.5 హెర్ట్జ్ (సెకనుకు ఊగే సార్లు) మధ్య ఉంటాయి. 2 దగ్గరికి వెళితే మన గ్రామీణ రోడ్ల మీద ప్రయాణికులు అలసిపోతారు. అదే 40 శాతం పెరుగుదలకు షాక్ అబ్జార్బర్ అదుపు కూడా సుమారు 18 శాతం పెరగాలి, లేకపోతే కారు ఊగి ఊగి ఆగుతుంది. గట్టి స్ప్రింగుకు పాత కంపెనీ షాకు సరిపోకపోవడానికి ఇదే కారణం. డీజిల్ ఇంజిన్ పెట్రోలు ఇంజిన్ కంటే బరువైనది కనుక ఒకే మోడలుకైనా ముందు స్ప్రింగులు వేరువేరుగా ఉంటాయి. మీ కారు ముందు ఇరుసు బరువుకు తగిన పార్ట్ నంబరు ఉన్న స్ప్రింగునే కొనాలి.

ఇక కారును దించడం గురించి. గురుత్వ కేంద్రం కిందికి వస్తే మలుపులో బరువు బదిలీ తగ్గుతుందన్నది నిజం. అయితే మాక్‌ఫర్సన్ స్ట్రట్‌లో ఇంకో సంగతి జరుగుతుంది. మామూలు ఎత్తులో లోయర్ ఆర్మ్ దాదాపు అడ్డంగానో, చక్రం వైపు కొద్దిగా కిందికి వాలో ఉంటుంది. కారును బాగా దించితే ఆర్మ్ చక్రం వైపు పైకి లేస్తుంది. అప్పుడు కారు ఏ బిందువు చుట్టూ పక్కకు ఒరుగుతుందో ఆ రోల్ సెంటర్, గురుత్వ కేంద్రం కంటే వేగంగా కిందికి పడిపోతుంది. రెండింటి మధ్య దూరం పెరిగేసరికి ఒరిగే గుణం కూడా పెరుగుతుంది, కొత్త స్ప్రింగు గట్టిదనంలో కొంత ఆ లోటు పూడ్చడానికే పోతుంది. దానికి తోడు చక్రం పైకి కదిలే చోటు తగ్గుతుంది: బంప్ స్టాప్‌కు (స్ట్రట్ కదలిక చివర అడ్డుగా ఉండే రబ్బరుకు) 80 మి.మీ. దూరం ఉన్న చోట 30 మి.మీ. దించితే మిగిలేది 50 మాత్రమే. మలుపు మధ్యలో స్ట్రట్ ఆ రబ్బరుకు తగిలితే ఆ మూల ఒక్కసారిగా రాయిలా బిగుసుకుపోయి, ముందు టైరు జారుతుంది.

రోడ్లను కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం స్పీడ్ బ్రేకర్ 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పుతో గుండ్రంగా ఉండాలి. అలాంటి దాన్ని ఏ కారైనా సాఫీగా దాటుతుంది. కానీ ఊళ్ళలో స్థానికంగా వేసినవి పొట్టిగా, నిటారుగా ఉంటాయి. 165 మి.మీ. గ్రౌండ్ క్లియరెన్స్ ఉన్న కారును 30 మి.మీ. దించి, నలుగురు మనుషులు సామానుతో ఎక్కితే, కడుపు భాగం రాచుకోవడం ఖాయం. పైగా యూరప్ కార్ల కోసం చేసిన స్ప్రింగు పెట్టె మీద రాసిన అంకె అక్కడి ఎత్తును బట్టి రాసినది. మన దేశం కోసం ఎత్తు పెంచిన మోడల్‌లో కారు అంతకంటే ఎక్కువే దిగవచ్చు. రోజూ నడిపే కారును 15 నుంచి 20 మి.మీ. కంటే ఎక్కువ దించవద్దని, అసలు దించకపోయినా నష్టం లేదని గట్టిగా చెబుతాను.

కాయిలోవర్లు ఎత్తును, కొన్నిటిలో షాకు అదుపును కూడా మార్చుకునే వీలు ఇస్తాయి. రేసు సర్క్యూట్‌కు వెళ్ళేవారికి ఇవి బాగా పనికొస్తాయి. చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై, కోయంబత్తూరు దగ్గర కరి సర్క్యూట్‌లలో ట్రాక్ డేలకు (సర్క్యూట్ మీద సొంత కారు నడిపే రోజులకు) వెళ్ళే ఆసక్తి లేనివారికి మాత్రం మంచి షాకులు, కొద్దిపాటి గట్టి స్ప్రింగులే చాలు.

యాంటీ రోల్ బార్

స్ప్రింగుల్ని ఎంత గట్టిగా చేసినా మలుపులో లోపలి చక్రాల నుంచి బయటి చక్రాలకు వెళ్ళే మొత్తం బరువు తగ్గదు. అది గురుత్వ కేంద్రం ఎత్తు, చక్రాల మధ్య వెడల్పు, మలుపు వేగాన్ని బట్టే ఉంటుంది. మనం మార్చగలిగేది ఆ బదిలీలో ముందు ఇరుసు వాటా ఎంత, వెనుక ఇరుసు వాటా ఎంత అన్నదే. యాంటీ రోల్ బార్ అసలు ఉపయోగం ఇక్కడే ఉంది.

ముందు చక్రాలు లాగే హ్యాచ్‌బ్యాక్‌లో బరువులో 60 శాతానికి పైగా ముందే ఉంటుంది కనుక వేగంగా మలుపు తీసుకుంటే ముందు టైర్లు ముందుగా జారతాయి, కారు మనం తిప్పిన దానికంటే వెడల్పుగా పోతుంది. దీన్నే అండర్‌స్టీర్ అంటారు. వెనుక టోర్షన్ బీమ్‌కు అదనపు బార్ బిగిస్తే వెనుక ఇరుసు బదిలీలో ఎక్కువ వాటా తీసుకుంటుంది, ముందు టైర్లకు ఊపిరాడుతుంది, కారు మలుపులోకి సులువుగా తిరుగుతుంది. బార్ గట్టిదనం కూడా వ్యాసం నాలుగో ఘాతాన్ని బట్టే మారుతుంది, 20 మి.మీ. బదులు 22 వేస్తే దాదాపు 46 శాతం ఎక్కువ. అందుకే ఒకేసారి లావుపాటి బార్ వేయకూడదు. శ్రీశైలం ఘాట్‌లో వాన పడుతున్నప్పుడు దిగుతూ, మలుపు మధ్యలో భయపడి యాక్సిలరేటర్ ఒక్కసారిగా వదిలితే బరువంతా ముందుకు వస్తుంది, వెనుక చక్రాలు తేలికపడతాయి. అక్కడ బార్ మరీ గట్టిదైతే కారు వెనుకభాగం బయటికి విసురుకుపోతుంది. వెనుక టైర్లు అరిగి ఉన్న కారుకు ఈ బార్ వేయించనే కూడదు.

ఇంజిన్ పైన రెండు స్ట్రట్ల మధ్య బిగించే బ్రేస్ (అడ్డకడ్డీ) గురించి కూడా అడుగుతుంటారు. ఇప్పటి హ్యాచ్‌బ్యాక్‌ల బాడీ గట్టిగానే ఉంటుంది. దానికి పెట్టే డబ్బు టైర్లకు పెట్టండి.

బిగింపు

ఈ పని అనుభవమున్న మెకానిక్ చేత, మీరు దగ్గరుండి చేయించుకోవడం మంచిది. కారును జాకీ మీద మాత్రమే వదలకుండా యాక్సిల్ స్టాండుల మీద నిలపాలి. బిగుసుకుని ఉన్న స్ప్రింగులో 300 కిలోల బరువుకు సమానమైన బలం ఉంటుంది. స్ప్రింగు కంప్రెసర్ రెండు కొక్కేలను ఎదురెదురుగా పెట్టి, ఒకదాన్ని కొంత, రెండోదాన్ని కొంత మార్చిమార్చి బిగించాలి. స్ప్రింగు గిన్నె మీద ఒత్తిడి పూర్తిగా తగ్గాకే పై నట్టు విప్పాలి. కొత్త స్ప్రింగు కూర్చోబెట్టేటప్పుడు దాని తీగ కొస, గిన్నెలో ఉన్న చిన్న అడ్డుకు ఆనిందో లేదో వేలితో తడిమి చూసుకోవాలి. పై నట్టును ఎయిర్ గన్నుతో బిగిస్తే రాడ్డు గిరగిరా తిరిగి లోపలి సీల్ దెబ్బతింటుంది. అలెన్ కీతో రాడ్డును పట్టుకుని చేత్తో బిగించి, చివరగా వర్క్‌షాప్ మాన్యువల్ చెప్పిన టార్కుకు (బిగింపు బలానికి) టార్క్ రెంచితో ముగించాలి.

చాలా గ్యారేజీల్లో వదిలేసే విషయం ఒకటుంది. రబ్బరు బుష్ ఉన్న లోయర్ ఆర్మ్ బోల్టులను, టోర్షన్ బీమ్ బోల్టులను చక్రాలు గాలిలో వేలాడుతున్నప్పుడు పూర్తిగా బిగించకూడదు. అలా బిగిస్తే కారు కిందికి దిగగానే రబ్బరు మెలిపడి, అలా మెలిపడ్డ స్థితిలోనే రోజంతా పనిచేసి, త్వరగా చిరుగుతుంది. బోల్టులను వదులుగా ఉంచి, కారు బరువు చక్రాల మీద పడ్డాక, నడిచే ఎత్తులో ఉన్నప్పుడే చివరి టార్కు ఇవ్వాలి. దీనికి ర్యాంపు లేదా పిట్ కావాలి. ఉన్న గ్యారేజీకే వెళ్ళండి.

అలైన్‌మెంట్

ఎత్తు మారితే టో (పై నుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగిన కోణం), క్యాంబర్ (ముందు నుంచి చూస్తే చక్రం పక్కకు వాలిన కోణం) రెండూ మారతాయి. పని ముగిసిన వెంటనే ఒకసారి, స్ప్రింగులు సర్దుకున్నాక సుమారు 500 కిలోమీటర్ల దగ్గర మరోసారి అలైన్‌మెంట్ చేయించాలి. ఎక్కువగా ఒంటరిగా నడిపేవారైతే డ్రైవరు సీట్లో తమంత బరువు పెట్టించి కొలిపించడం సబబు.

స్ట్రట్ ఉన్న కారు మలుపులో ఒరిగినప్పుడు బయటి టైరు నిటారుతనం కోల్పోయి, బయటి భుజం (అంచు) మీద నడుస్తుంది. అందుకే ముందు చక్రాలకు కొద్దిగా నెగటివ్ క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికి వాలేలా) ఇస్తారు. రోడ్డు వాడకానికి ఒక డిగ్రీ నుంచి ఒకటిన్నర డిగ్రీ వరకు సరిపోతుంది, అంతకు మించితే టైరు లోపలి అంచు త్వరగా అరుగుతుంది. స్ట్రట్‌ను నకల్‌కు (చక్రం హబ్‌ను పట్టి ఉంచే భాగానికి) రెండు బోల్టులతో బిగించే కార్లలో క్యాంబర్ బోల్టు వేసి దీన్ని సరిచేయవచ్చు. బిగించే పద్ధతి వేరైన కార్లలో సర్దుబాటు ఉన్న టాప్ మౌంట్ అవసరమవుతుంది. ముందు టో సున్నాకు దగ్గరగా ఉంచాలి. ఎడమ, కుడి క్యాస్టర్‌ల (పక్క నుంచి చూస్తే స్టీరింగ్ తిరిగే అక్షం వాలిన కోణాల) మధ్య అర డిగ్రీ కంటే తేడా ఉంటే కారు ఒక పక్కకు లాగుతుంది. వెనుక టోర్షన్ బీమ్‌లో సాధారణంగా సర్దుబాటు ఉండదు, కానీ కొలత తీయించాలి. అది బాగా తప్పి ఉంటే బీమ్ ఎప్పుడో దెబ్బ తిన్నదని అర్థం. స్టెబిలిటీ కంట్రోల్ ఉన్న కారులో స్టీరింగ్ కోణం సెన్సర్‌ను మళ్ళీ సరిచేయించాలి, ఎత్తు మారితే హెడ్‌ల్యాంపుల వెలుతురు కోణాన్ని కూడా.

పరీక్షించే పద్ధతి

ఒక్కసారికి ఒక్క మార్పే చేసి, ఎప్పుడూ ఒకే రోడ్డు మీద, ఒకే గాలి ఒత్తిడితో నడిపి చూడాలి. టైరు భుజం మీద మూడు చోట్ల సుద్దముక్కతో గీతలు గీసి, మలుపులున్న దారిలో కొంతదూరం తిప్పి వచ్చి చూడండి. గీత టైరు పక్కగోడ మీద కూడా చెరిగిపోయి ఉంటే గాలి తక్కువగా ఉందనో, క్యాంబర్ చాలడం లేదనో అర్థం. భుజం మీద అసలు చెరగకపోతే గాలి ఎక్కువగా ఉందని అర్థం. ముందు చక్రాలు జారుతున్నాయనిపిస్తే మొదట గాలిని, తర్వాత క్యాంబర్‌ను, ఆఖరున వెనుక బార్‌ను సర్దాలి. వెనుక భాగం విసురుతోందనిపిస్తే బార్‌ను ఒక మెట్టు తగ్గించాలి. సర్దుబాటు షాకులు ఉంటే పూర్తిగా బిగించిన స్థానం నుంచి క్లిక్కులు లెక్కపెట్టి, రెండు వైపులా ఒకే అంకె ఉంచి, ఆ అంకెను రాసుకోవాలి.

500 కిలోమీటర్ల అలైన్‌మెంట్ రోజునే అన్ని బోల్టుల టార్కును మళ్ళీ చూపించాలి, మొదట్లో రాసుకున్న ఫెండర్ ఎత్తులతో ఇప్పటి కొలతలను పోల్చాలి. రెండు పక్కల మధ్య ఎత్తు తేడా మొదట్లో కంటే 5 మి.మీ. దాటి పెరిగి ఉంటే, అలైన్‌మెంట్ చేయించే ముందే ఆ మూల స్ట్రట్‌ను దింపి స్ప్రింగు కొస గిన్నెలో సరిగా కూర్చుందో లేదో చూడాలి.